సింగపూర్‌లో గర్భంతో సిన్సే దగ్గరికి: ఏం చేశారు, ఏం వద్దన్నారు, ఎంతయింది

సింగపూర్‌లో చైనా వైద్యుల్ని సిన్సే అంటారు. బోర్డు మీద మాత్రం టీసీఎం (సంప్రదాయ చైనా వైద్యం) ఫిజీషియన్ అని ఉంటుంది. 2024 జులై నుంచి 2025 జనవరి చివరి దాకా ప్రసూతి డాక్టరుకు చూపించుకుంటూనే ఒక సిన్సే దగ్గరికి కూడా వెళ్లాను. మొదట్లో వాంతులకు, తర్వాత పొట్ట ఉబ్బరానికి, నడుంనొప్పికి, చివర్లో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందంటే దానికి. ఇక్కడి తెలుగువాళ్లు అడిగేది ఒకటే: "పని చేస్తుందా?" దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. సూదులు, నొక్కుడు, సెగ ఒక దారి. కడుపులోకి పోయే కషాయం వేరే దారి. మొదటిదానికి తొందరగానే ఒప్పుకున్నాను. రెండోదానికి మాత్రం ప్రతిసారీ మందుల కాగితం పట్టుకుని ఇద్దరు డాక్టర్ల మధ్యా తిరిగాను. మళ్లీ అయినా అలాగే తిరుగుతాను.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ముందు రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. 2000లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ చైనా వైద్యం చేసేవాళ్లు టీసీఎం ప్రాక్టీషనర్స్ బోర్డులో నమోదై ఉండాలి. బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే ఆ మనిషి సూదులు మాత్రమే వేయొచ్చా, మందులు కూడా రాయొచ్చా, ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ ఇంకా అమల్లో ఉందా అన్నవి తెలిసిపోతాయి. మాల్‌లో కాళ్లు నొక్కే దుకాణాలు, గర్భిణులకు మసాజ్ చేస్తామని బోర్డు పెట్టేవాళ్లు ఈ లెక్కలోకి రారు.

తర్వాత ఫోన్ చేసి, "గర్భిణికి ఎన్నో వారం నుంచి సూది వేస్తారు? ఏయే మందులు రాయరు?" అని అడగండి. కొందరు పన్నెండు వారాలు నిండాకే రమ్మంటారు. అది మంచి సంకేతమే, కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. "అన్నీ ఇస్తాం, మావి మూలికలే కదా, ఏమీ కాదు" అన్నవాళ్లను మాత్రం వదిలేయండి. 1867 నుంచి నడుస్తున్న థోంగ్ చాయ్ వైద్యశాలలో జాతి, మతం చూడకుండా ఉచితంగా చూస్తారు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు అది పెద్ద ఆసరా. గంటకోసారి వాంతి అవుతున్న మనిషి క్యూలో కూర్చోలేదు కాబట్టి నేను ఇంటి దగ్గర డబ్బులు తీసుకునే క్లినిక్‌కే వెళ్లాను. అపాయింట్‌మెంట్ నాలుగు రోజులకు దొరికింది. ఇచ్చిన టైముకే వెళ్లినా ముప్పావు గంట కూర్చోబెట్టారు. హాలు నిండా ఎండు మూలికల వాసన. వాసన పడని ఏడో వారంలో అదొక పరీక్షే. తలుపు దగ్గరి కుర్చీ అడిగి తీసుకోండి.

జులై, ఏడో వారం: వాంతులు

వెళ్లే రోజు పొద్దున నాలుక గీసుకోవద్దని రిసెప్షన్‌లో ఎవరూ చెప్పరు. నాలుక మీది పాచి రంగు, మందం, ఎక్కడెక్కడ ఉందన్నది వాళ్లకు ముఖ్యమైన ఆధారం. మనం నాలుకబద్దతో గీకి పారేస్తే వాళ్లకు చూడ్డానికేమీ మిగలదు. కాఫీ, పసుపు పాలు, రంగున్న మాత్రలు కూడా పాచి రంగు మార్చేస్తాయి. నీళ్లు తాగి వెళ్తే చాలు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లొద్దు, సూది పెట్టగానే కళ్లు తిరుగుతాయి. రెండు బిస్కెట్లయినా తిని వెళ్లాలి.

నాడి చూడ్డానికి రెండు చేతులకూ నిమిషానికి పైనే పట్టింది. మణికట్టు దగ్గర మూడు వేళ్లు ఆనించి ఒకసారి తేలిగ్గా, ఒకసారి గట్టిగా నొక్కి చూస్తారు. గర్భిణి నాడి పళ్లెంలో ముత్యాలు దొర్లినట్టు ఉంటుందని వాళ్ల పుస్తకాల మాట. అది చూసి గర్భం నిర్ధారణ చేసుకోవచ్చని మాత్రం మా సిన్సే అనలేదు. స్కాన్ రిపోర్టు అడిగి తీసుకుంది.

అడిగిన ప్రశ్నలు మన డాక్టర్లు అడిగేవాటికన్నా ఎక్కువ: వాంతిలో నీళ్లు, ఉమ్మి పడుతున్నాయా, పుల్లగా చేదుగా పసరు పడుతోందా? దాహం వేస్తే చల్లనీళ్లు తాగాలనిపిస్తుందా, వేడినీళ్లా? విరేచనం ఎలా ఉంది? రక్తం కనపడిందా, పొత్తికడుపులో నొప్పి ఉందా, ఇంతకుముందు గర్భం పోయిందా? ఏ మాత్రలు వేసుకుంటున్నావు? నాకు పడుతున్నది తెల్లటి నీళ్లు, నురగ. తాలింపు వాసనకే కడుపులో తిప్పేది. ఇది పొట్ట చల్లబడి బలహీనపడిన లక్షణమనీ, అల్లం పడుతుందనీ చెప్పింది. చేదుగా, పచ్చగా పడి, నోరెండిపోయి, చల్లనీళ్లు కావాలనిపించేవాళ్లకు అదే అల్లం ఎక్కువిస్తే గుండెల్లో మంట పెరుగుతుందట. వేడి చేస్తుంది, చలవ చేస్తుంది అనే లెక్కల్లో పెరిగిన మనకు ఈ మాటలేవీ కొత్తగా అనిపించవు. చిక్కల్లా, రెండు లెక్కలూ అన్నిచోట్లా కలవవు. బొప్పాయి దగ్గర అత్తయ్యా సిన్సే ఒకే మాట. కొబ్బరినీళ్ల దగ్గర కొట్లాటే: మన ఇళ్లలో చలవని తాగిస్తారు, అదే కారణంతో వాళ్లు మొదటి మూడు నెలలు వద్దంటారు. నేను కొబ్బరినీళ్లు తాగాను.

సూదులు రెండు చోట్ల పెట్టింది. ఒకటి ముంజేతి లోపలివైపు, నేయ్‌గ్వాన్ అనే స్థానం. మణికట్టు గీత మీద మూడు వేళ్లు అడ్డంగా పెట్టి, ఆ పైన రెండు నరాల తాళ్ల మధ్య చూడాలి. కొలత మీ వేళ్లతోనే, నొక్కేవాళ్ల వేళ్లతో కాదు. రెండోది మోకాలి చిప్ప కింది అంచు నుంచి నాలుగు వేళ్లు కిందికి, ముందరి ఎముకకు వేలెడు బయటికి. దాన్ని జుసాన్‌లీ అంటారు. సూది మన ఇంజెక్షన్ సూదిలాంటిది కాదు, పావు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ప్యాకెట్ నా ముందే చింపి తీసింది. ఒకసారి వాడినవి పారేస్తారు, చింపడం కనపడకపోతే అడగండి. గుచ్చినప్పుడు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. తర్వాత మెల్లగా తిప్పినప్పుడు చెయ్యి బరువెక్కి, లోపల లాగినట్టయింది. అది రావాలనే తిప్పుతారు. చురుక్కుమని కరెంటు కొట్టినట్టయితే మాత్రం వెంటనే చెప్పాలి, నరానికి తగిలినట్టు. పాతిక నిమిషాలు పడుకోబెట్టి చేతిలో గంట పెట్టి వెళ్లారు. మొదటిసారి ఆ గంటను గుప్పిట్లోంచి వదల్లేదు.

సూది వేయని చోట్లు కూడా చూపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ, చీలమండ లోపలివైపు నాలుగు వేళ్ల పైన, భుజం మీద మెడకు పక్కన ఎత్తుగా ఉండే చోటు, పొత్తికడుపు, నడుం కింది త్రికాస్థి. ఈ చోట్లు నొప్పులు తెప్పిస్తాయని వాళ్ల నమ్మకం. నెలలు నిండే దాకా ముట్టుకోరు. తలనొప్పికి బొటనవేలి పక్కన నొక్కుకోవడం మనలో చాలామందికి అలవాటు, ఈ తొమ్మిది నెలలూ అది మానేయమంది. మసాజ్ చేయించుకునేవాళ్లు భుజం, చీలమండ గురించి ముందే చెప్పాలి.

చూసినందుకు 35 సింగపూర్ డాలర్లు, సూదులకు 60. అప్పట్లో మన డబ్బుల్లో దాదాపు ఆరు వేలు. ఆ సాయంత్రం పెరుగన్నం తిని నిలుపుకున్నాను. మర్నాడు పొద్దున మళ్లీ మామూలే. వారానికి రెండుసార్లు రమ్మంటారు. అంత ఖర్చు ఎందుకనుకుంటే నేయ్‌గ్వాన్ దగ్గర మనమే నొక్కుకోవచ్చు. రెండో చేతి బొటనవేలితో నొప్పి తెలిసేంత గట్టిగా రెండు మూడు నిమిషాలు, మంచం దిగే ముందూ తినే ముందూ. మందుల షాపులో దొరికే బొడిపె ఉన్న బ్యాండు కూడా ఇదే పని చేస్తుంది. చాలామందికి అది పని చేయకపోవడానికి కారణం జారిపోవడం. కాసేపటికి మణికట్టు గీత మీదికి వచ్చేసి ఉత్త రబ్బరు బ్యాండు అవుతుంది. పెట్టుకున్నాక పెన్నుతో చుక్క పెట్టుకుంటే జారింది తెలుస్తుంది. ఈ నొక్కుడు మీద జరిగిన పరీక్షల ఫలితాలు ఒక్కలా లేవు. బ్రిటన్ 2021 మార్గదర్శకాల్లో మాత్రం వాంతులు బాగా ఎక్కువున్నవాళ్లు చికిత్సతో పాటు దీన్నీ వాడి చూడొచ్చని ఉంది. నా మట్టుకు వికారం పోలేదు, తగ్గింది. తినగలిగే గంటలు పెరిగాయి.

అల్లానికి ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్నారు. పొడి అయితే రోజంతా కలిపి ఒక గ్రాము, నాలుగు సార్లుగా. పచ్చిదైతే పల్చటి చెక్కలు మూడు నాలుగు నీళ్లలో మరిగించి, గుక్కెడు గుక్కెడుగా తాగాలి. బీపీ భయంతో ఆస్పిరిన్ రాసినవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా అంతకు మించొద్దు.

వాంతులకు కషాయం అడిగితే ఇవ్వలేదు. వాళ్ల పాత గ్రంథాల్లో దీనికి మందు లేక కాదు. శుద్ధి చేసిన బాన్‌షియా దుంపతో, అల్లంతో కలిపి చేసేది ఎప్పటి నుంచో ఉంది. పచ్చి బాన్‌షియా విషం, శుద్ధి ఎంత బాగా జరిగిందన్నది చూర్ణం చూసి చెప్పలేం. పన్నెండు వారాలు నిండే దాకా ప్రసూతి డాక్టరు రాసిస్తే తప్ప మూలిక ఏదీ ఇవ్వనని చెప్పింది. ఆ మాట వినగానే నాకు ప్రాణం తేలికపడింది. ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, బరువు బాగా పడిపోయినా తన దగ్గరికి రావొద్దు, తిన్నగా హాస్పిటల్‌కు వెళ్లి సెలైన్ పెట్టించుకోమంది.

ఇరుగుపొరుగు ఇచ్చే పొట్లాలు

గర్భిణి అని తెలియగానే పక్కింటి చైనా ఆంటీలు ప్రేమగా మూలికల పొట్లాలు తెచ్చిస్తారు. ఇక్కడా మలేసియాలోనూ పదమూడు మూలికల పొట్లం ఒకటి బాగా వాడుకలో ఉంది, కాన్పు తేలిగ్గా అవుతుందని తాగిస్తారు. గర్భం నిలవడానికి ఆన్‌తాయ్ అనే పేరుతో మొదలయ్యే కషాయాలు వేరే ఉంటాయి. పద్నాలుగో శతాబ్దపు వైద్యుడు జూ దాన్‌షీ హ్వాంగ్‌చిన్, బైజు అనే రెండు మొక్కల వేర్లను గర్భం నిలపడానికి దివ్యౌషధాలన్నాడు. ఆ మాట మీద ఇప్పటికీ ఆ మందులు రాస్తున్నారు. కానీ తైవాన్‌లో వేలమంది తల్లుల మీద చేసి 2006లో ప్రచురించిన పరిశీలనలో, మొదటి మూడు నెలల్లో ఆన్‌తాయ్ కషాయం తాగినవాళ్ల పిల్లల్లో కొన్ని పుట్టు లోపాలు ఎక్కువగా కనపడ్డాయి. కషాయం వల్లే అని దాంతో తేలదు. గర్భం నిలవదేమో అన్న భయం ఉన్నవాళ్లే అది ఎక్కువ తాగి ఉండొచ్చు. అయినా మొదటి మూడు నెలలు దూరంగా ఉండటానికి నాకా మాత్రం చాలు. పొట్లం తీసుకుని, దండం పెట్టి, డబ్బాలో దాచేశాను. వద్దని మొహం మీద చెప్పనక్కర్లేదు.

గర్భిణులు ఏ రూపంలోనూ తాకకూడనివి సిన్సే కాగితం మీద రాసిచ్చింది. కస్తూరి, కుసుమపువ్వు (హోంగ్‌హ్వా), పీచ్ గింజల పప్పు (తావ్‌రెన్), రేవల్చిని (దాహ్వాంగ్), మన వసనాభి జాతికి చెందిన ఫూజి, ఇంగిలీకం కలిసిన మాత్రలు. అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మూలికలైతే గర్భం ఉన్నా లేకపోయినా ముట్టుకోవద్దు. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గడానికి అవి కలిసిన మాత్రలు మింగిన ఆడవాళ్లకు కిడ్నీలు పోయాయి. మలబద్ధకానికి "హెర్బల్ స్లిమ్మింగ్ టీ" తాగేవాళ్లు డబ్బా వెనక చదవాలి. అందులో ఉండేది చాలావరకు సునాముఖి ఆకు. నా మలబద్ధకానికి నల్ల నువ్వులు, అక్రోట్లు, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష చెప్పింది. ఐరన్ మాత్ర మార్పించుకోవడం వీటన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

సెప్టెంబరు, పదిహేడో వారం: కషాయం

వాంతులు తగ్గాక పొట్ట ఉబ్బరం, ఆకలి లేకపోవడం మిగిలాయి. అప్పుడు రాసిన మందు ఇది, ఒక రోజు మోతాదు: బైజు 9 గ్రాములు, ఫూలింగ్ 9, చెన్‌పి 6, షారెన్ 3, గాన్‌సావ్ 3. చెన్‌పి అంటే ఎండి నల్లబడిన కమలాపండు తొక్క. షారెన్ ఏలకుల కుటుంబమే, నలిపితే ఏలకులూ కర్పూరమూ కలిసిన వాసన వస్తుంది. ఫూలింగ్ చెట్ల వేర్ల మీద పెరిగే ఒక శిలీంధ్రం, తెల్లటి ముక్కలుగా ఉంటుంది. గాన్‌సావ్ మన అతిమధురం.

మందుల చీటీ చైనా లిపిలో ఉంటుంది. లాటిన్ పేర్లతో ఇంకో కాగితం అడిగితే ఇచ్చారు, పది నిమిషాలు ఎక్కువ పట్టిందంతే. దాని ఫొటో ప్రసూతి డాక్టరుకు పంపితే హాస్పిటల్ ఫార్మసీ చూసి జవాబివ్వడానికి మూడు రోజులు పట్టింది. అతిమధురం తీసేసి, ఐదు రోజులకు మించకుండా అయితే సరేనన్నారు. ఎక్కువ రోజులు తీసుకుంటే అది బీపీ పెంచి ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. ఫిన్లాండ్‌లో గర్భిణులకు దాన్ని తగ్గించమని అధికారికంగానే చెబుతారు. చైనా కషాయాల్లో సగానికి పైగా రుచి సర్దడానికి చిటికెడు అతిమధురం వేస్తారు కాబట్టి, బీపీ ఉన్నవాళ్లు ప్రతి చీటీలోనూ దాని కోసం వెతకాలి. సిన్సే మారుమాట లేకుండా కొట్టేసింది.

శాకాహారులు ముందే చెప్పాలి. గర్భిణులకు తరచుగా రాసే ఆ-జియావ్ గాడిద చర్మం ఉడికించి తీసిన బంక. ఇంకా కీచురాయి విడిచిన పెంకు, కోడి కందనకాయ లోపలి పొర, ఆల్చిప్పల పొడి లాంటివి చీటీలో మూలికల మధ్యే ఉంటాయి. పేర్లు చూసి మనం పట్టుకోలేం.

కాచే పద్ధతి చెబుతాను, ఎందుకంటే కొట్టులో అరనిమిషంలో చెప్పి పంపేస్తారు. పింగాణీ కాకపోతే మట్టి గిన్నె కావాలి, గాజుదీ స్టీలుదీ కూడా పరవాలేదు. ఇనుము, అల్యూమినియం వద్దు, ప్రెషర్ కుక్కర్ అసలే వద్దు. మట్టి గిన్నె ఇండక్షన్ స్టౌ మీద పని చేయదని కొన్నాక గుర్తొస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నది ఇండక్షనే అయితే, కరెంటు మూలికల కుండ యాభై డాలర్లకు దొరుకుతుంది. పొట్లం విప్పగానే ముందు వాసన చూడండి. మూలికలు మరీ తెల్లగా ఉండి పుల్లటి ఘాటు కొడితే గంధకం పొగ పెట్టి నిలవ చేసినవి, తిరిగిచ్చేయండి. ఒకసారి కడిగి, మూలికల మీద రెండు వేళ్లు నిలిచేలా చన్నీళ్లు పోసి అరగంట నాననివ్వాలి. పెద్ద మంట మీద పొంగు వచ్చాక సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు. షారెన్ మొదటే వేస్తే దాని వాసనంతా ఆవిరైపోయి మందు చప్పబడుతుంది. దాన్ని విడిగా నలిపి ఉంచుకుని ఆఖరి ఐదు నిమిషాల్లో వేసి మూత పెట్టాలి. వడకట్టి, అదే పిప్పిలో కాస్త తక్కువ నీళ్లు పోసి రెండోసారి కాచాలి. రెండూ కలిపి సగం పొద్దున, సగం సాయంత్రం, తిన్నాక గోరువెచ్చగా. ఐరన్ మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి.

రుచి మరీ ఘోరంగా లేదు, తొక్క చేదు, వెనకాల ఏలకుల ఘాటు. మూడో రోజుకు ఉబ్బరం తగ్గింది. ఐదు రోజుల మందు 45 డాలర్లు. ఈ శ్రమ వద్దనుకునేవాళ్లకు వేడినీళ్లలో కలుపుకునే గుళికల ప్యాకెట్లు ఉంటాయి. వాటిలో పిండి పదార్థం కలుపుతారు, షుగర్ ఉన్న గర్భిణులు అడిగి తెలుసుకోవాలి. రెడ్ డేట్స్ అని అమ్మే ఎర్ర రేగుపళ్ల టీ, ఉప్పు చక్కెర పట్టించిన ఎండు పళ్లు కూడా ఇదే కోవ. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిదో వారం మధ్య షుగర్ పరీక్ష అయ్యే దాకా నేను వాటి జోలికి పోలేదు.

నవంబరు, డిసెంబరు: నడుం, కాళ్లు

ఇరవై ఆరో వారంలో నడుం కుడివైపు పట్టేసింది, మంచం మీద పక్కకు తిరగడమే గండం. దీనికి సూది బాగా పని చేసింది. నాకు తెలిసి గర్భిణుల బాధల్లో సూదికి అన్నిటికన్నా నమ్మకమైన చోటు నడుమూ కటి నొప్పే. ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలి. బోర్లా ఎలాగూ కుదరదు, ఈ నెలల్లో వెల్లకిలా ఎక్కువసేపు ఉంటే గర్భాశయం పెద్ద సిరను నొక్కి కళ్లు తిరుగుతాయి. ముందే టాయిలెట్‌కు వెళ్లి రావాలి, సూదులతో మధ్యలో లేవలేం. తుంటి పక్కన, మోకాలి వెనక, నడుం కండల్లో పెట్టింది. త్రికాస్థి జోలికి వెళ్లలేదు. కప్పులు పెట్టే చికిత్స నడుముకు వద్దంది. రెండు మూడు రోజులు హాయిగా ఉండి మళ్లీ మెల్లగా మొదలయ్యేది. నడుం బెల్టు తోడైతే వారం లాగొచ్చు. నొప్పి అలలుగా వచ్చిపోతుంటే అది నడుంనొప్పి కాదు, కాన్పు నొప్పి కావొచ్చు. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. రెండింటికీ సిన్సే సూది తీయదు, హాస్పిటల్‌కు పంపుతుంది.

డిసెంబరులో పాదాలు వాచాయి. ముందు బీపీ చూసింది. 140/90కి చేరినా, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, మొహం వాపు ఉన్నా ఏ చికిత్సా లేదు, అదే రోజు డాక్టరు దగ్గరికే. నాది మామూలుగా ఉంది కాబట్టి కాళ్లు ఎత్తి పెట్టుకోమని, చిన్న ఎర్ర బీన్స్ ఉప్పు లేకుండా ఉడికించి ఆ నీళ్లు తాగమని చెప్పింది. అసలు వంటకం ఆ గింజలతో బొచ్చె జాతి చేప పులుసులాంటి సూప్, చేప తినేవాళ్లకు మంచి తిండి. వాపుకు మనం తాగే బార్లీ నీళ్లను ఇక్కడి వాళ్లు గర్భిణికి వద్దంటారు. వాళ్లు భయపడేది చైనీస్ బార్లీ అని అమ్మే యియిరెన్‌కు. అది వేరే గింజ, లావుగా, మధ్యలో గాడితో ఉంటుంది. రెండూ ఒకే అరలో ఉంటాయి, చూసి తీసుకోండి.

జనవరి, ముప్పై మూడో వారం: ఎదురుకాళ్లు

స్కాన్‌లో బిడ్డ తల పైకి ఉంది. ముప్పై ఏడో వారం దగ్గర పడినా తిరగకపోతే పొట్ట మీద చేతులతో తిప్పి చూస్తామని డాక్టరు చెప్పారు. ఈ లోపు సెగ పెట్టించుకోవచ్చా అని అడిగితే అభ్యంతరం లేదన్నారు. కవలలు, మాయ కిందికి ఉన్నవాళ్లు, ముందు సిజేరియన్ అయినవాళ్లు, రక్తస్రావం, బీపీ ఉన్నవాళ్లు మాత్రం చేయించుకోకూడదు.

మాక్సా అంటే ఎండిన ఆకును దంచి దూదిలా చేసి చుట్టిన కడ్డీ. ఆ ఆకు ఆర్టిమీసియా జాతిది, వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వేసే మాచీపత్రం కూడా ఆ జాతిదే. సెగ పెట్టేది పొట్ట మీద కాదు, కాలి చిటికెనవేలి గోరు బయటి మూల దగ్గర. దీన్ని జీయిన్ అంటారు. సూదికి గర్భిణుల్లో నిషిద్ధమైన చోటే ఇది, ఈ ఒక్క పనికి సెగ పెడతారు. మొదటిసారి క్లినిక్‌లో చేసి చూపించి, మిగతాది ఇంట్లో చేసుకోమంటారు. పది కడ్డీల పెట్టె 12 డాలర్లు.

కడ్డీ కొన అంతా ఎర్రబడే దాకా కొవ్వొత్తి మీద పట్టాలి, రెండు మూడు నిమిషాలు పడుతుంది. సగం రాజుకుంటే మధ్యలో ఆరిపోతుంది. వేలికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, వెచ్చగా తెలిసేలా, చుర్రుమనకుండా పట్టుకోవాలి. ఒక్కో పాదానికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, రోజుకొకసారి లేదా రెండుసార్లు, వారం నుంచి పది రోజులు. సాయంత్రం మూడు నుంచి ఐదు మధ్య మంచిదని వాళ్ల శాస్త్రం, ఆఫీసు నుంచి మనిషి ఇంటికొచ్చే వేళ మంచిదని మా వీలు. ఎందుకంటే ఈ పొట్టతో వంగి చిటికెనవేలు అందుకోవడం ఎవరివల్లా కాదు, పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. ఆయన తన రెండో చేతి వేలు నా వేలి పక్కనే ఆనించేవారు, వేడి ఎక్కువైతే ముందు ఆయనకే తెలిసేది. బూడిద ప్రతి రెండు నిమిషాలకూ దులపాలి, లేకపోతే నిప్పు పాదం మీద రాలుతుంది. ఆర్పడానికి నీళ్లు పోయొద్దు, బియ్యం లేదా ఇసుక ఉన్న సీసాలో గుచ్చితే గాలాడక ఆరిపోతుంది. పైకి ఆరినట్టున్నా లోపల రాజుకుంటూనే ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వేయొద్దు.

పొగ మాత్రం భరించాలి. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను కిటికీ వైపు తిప్పినా కర్టెన్లకు వాసన పడుతుంది, పొగ అలారం ఉంటే దానికి దూరంగా కూర్చోవాలి. పక్కింటివాళ్లకు ముందే చెప్పండి. పొగ రాని బొగ్గు కడ్డీలు ఉన్నాయి, రాజుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, వేడి కూడా ఎక్కువ. సెగ పెడుతుండగా బిడ్డ కదలికలు బాగా పెరుగుతాయి. పొట్ట గట్టిపడి వదలకపోతే, నీరు పోతే, కదలికలు తగ్గితే ఆపేసి హాస్పిటల్‌కు వెళ్లాలి.

జనవరి 15న, కనుమ నాడు, స్కాన్‌లో తల కిందికి వచ్చింది. ఇంట్లో అందరూ మాక్సా మహిమే అన్నారు. 1998లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన చైనా పరీక్ష సంగతి నాకు తెలుసు కాబట్టి నేను అంత గట్టిగా అనలేను. జియాంగ్‌షీలో 260 మంది తొలి చూలు గర్భిణుల్లో సెగ పెట్టిన 130 మందిలో 98 మంది బిడ్డలు ముప్పై ఐదో వారానికి తిరిగారు. సెగ పెట్టని 130 మందిలోనూ 62 మంది బిడ్డలు తిరిగారు. అంటే సగం మంది వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. తర్వాత ఇటలీలో చేసిన పరీక్షలో చాలామంది ఆడవాళ్లు మధ్యలో మానేయడంతో దాన్ని ఆపేశారు, తేడా తేలలేదు. 2023లో అన్ని పరీక్షల్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, మామూలు సంరక్షణతో పాటు సెగ పెడితే పుట్టే వేళకు ఎదురుకాళ్లతో ఉండే అవకాశం తగ్గొచ్చని తేల్చింది. 12 డాలర్లకు, పొగ వాసనకు ఆ మాత్రం ఆశ నాకు గిట్టుబాటే.

చివరి విజిట్

2025లో చైనా కొత్త సంవత్సరం జనవరి 29న వచ్చింది, నాకు సరిగ్గా ముప్పై ఏడు వారాలు. పండక్కి క్లినిక్‌లు, మూలికల కొట్లు రోజుల తరబడి మూసేస్తారు. ఆ నెలల్లో కాన్పు ఉన్నవాళ్లు కావాల్సినవి ముందే తెచ్చుకోవాలి. నేను పండక్కి వారం ముందు వెళ్లాను. కంపెనీ ఇన్సూరెన్స్‌లో రిజిస్టరైన టీసీఎంకు డబ్బు వస్తుందని రాసి ఉన్నా, గర్భానికి సంబంధించినవన్న కారణంతో నా బిల్లులు వెనక్కొచ్చాయి. నడుంనొప్పి బిల్లు ఒక్కటే పాసయింది.

కాన్పు తర్వాత తాగే కషాయాల గురించి ఆ రోజే చెప్పింది. కాన్పయ్యాక లోపల మిగిలిన రక్తం పోయేలా చేసే షెంగ్‌హ్వా కషాయం హాస్పిటల్ నుంచి ఇంటికి రాగానే మొదలుపెట్టొద్దు. రక్తస్రావం ఎక్కువున్నా, రక్తం పల్చబడే మందు ఇచ్చినా అసలే వద్దు, డాక్టర్ని అడగాలి. పాలిచ్చే తల్లీ, బిడ్డా హ్వాంగ్‌లియన్ అనే మూలిక జోలికి పోకూడదు. అందులోని బెర్బెరిన్ పసిబిడ్డల కామెర్లు ముదరబెడుతుందని సింగపూర్ 1978లో దాన్ని నిషేధించింది, 2010 దశకంలో ఆ నిషేధం ఎత్తేశారు. మన మానుపసుపులో ఉండేదీ అదే పదార్థం. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుతాడు రక్తంతో జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) పరీక్ష చేస్తారు. ఆ లోపం ఉందని తేలితే ఈ మూలికలతో పాటు బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా ఇంట్లో ఉండకూడదు. ఇండియా నుంచి వచ్చే పాత చీరల పొత్తిళ్లు వాటి వాసనతోనే వస్తాయి కాబట్టి, అమ్మకు ఫోన్ చేసి అవి తీసేసి, రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేసి తెమ్మన్నాను.